పిల్ల ఏడవని ఇల్లు

పిల్ల ఏడవకపోవడం ఇంటికి అదృష్టం అనేవాళ్ళని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మా పాప పుట్టిన చలికాలంలో ఆ అదృష్టం మా ఇంట్లో కొన్నాళ్ళు తిష్ఠ వేసింది. చూడవచ్చిన ఆడవాళ్ళు ‘ఇంత బుద్ధిమంతురాలిని ఎక్కడా చూళ్ళేదమ్మా’ అని ముక్కున వేలేసుకుని వెళ్ళేవారు. ఆ బుద్ధి ఇంకొన్నాళ్ళు అలాగే సాగి ఉంటే నాకు కూతురు మిగిలేది కాదు.

చోడవరంలో మాది మెయిన్ రోడ్డు పక్కన మేడ మీది వాటా. నాది బ్యాంకు ఉద్యోగం. మా ఆయన పనిచేసేది విశాఖపట్నంలో. పొద్దున్నే బస్సెక్కితే దీపాలు పెట్టిన తర్వాతే ఇంటికి చేరేవారు. మా అత్తగారు మాతోనే ఉంటారు. తొలికాన్పు పుట్టింట్లో జరగడం మావైపు ఆనవాయితీ. కానీ మా అమ్మావాళ్ళది చీడికాడకి అవతల పల్లె. నాకు ఆపరేషన్ అయింది. అంత దూరం పోతే అవసరానికి ఆస్పత్రి అందదని, నన్ను పుట్టింటికి పంపే బదులు మా అమ్మనే ఇక్కడికి రప్పించారు. చెరకు నరికే రోజుల్లో పొలాన్ని నాన్నకి వదిలేసి, బట్టల సంచీ పట్టుకుని అమ్మ వచ్చేసింది. అలా ఇద్దరు వియ్యపురాళ్ళు ఒకే కప్పు కింద నెలల తరబడి ఉండాల్సొచ్చింది. మా బంధువుల్లో ఇలాంటిది అంతకుముందు ఎవరింట్లోనూ జరగలేదు.

రెండు కొప్పులు ఒకచోట ఇమడవంటారు. వీధిలో వాళ్ళు కూడా ఎప్పుడు రగులుతుందా అని చెవులు రిక్కించుకుని కూర్చున్నారు. పాపం, వాళ్ళకి ఏ వినోదమూ దొరకలేదు. మా ఇద్దరు పెద్దవాళ్ళ మర్యాద చూస్తే ఎవరికైనా విసుగొస్తుంది.

“ఒదినగారూ, మీరు కూకోండి, నేను కడుగుతాను.”

“అయ్యో, మీరేటండీ, సుట్టంగా వచ్చి. ముందు మీరు కాఫీ తాగండి.”

కూతురి అత్తవారింట్లో కూర్చుని తింటున్నానన్న మాట పడకూడదని మా అమ్మ తాపత్రయం. వియ్యపురాలి చేత చాకిరీ చేయించిందన్న మాట రాకూడదని మా అత్తగారి తాపత్రయం. అందుకని ఒకరు చూడకుండా ఇంకొకరు పని చేసేసేవారు. ఒకరు స్నానానికి వెళ్తే ఇంకొకరు పాప గుడ్డలు ఉతికేసేవారు. ఒకరు కునుకు తీస్తే ఇంకొకరు వంట ముగించేవారు. చేసిన పని గురించి మాట్లాడుకునేవారు కాదు. మాట్లాడితే ఎత్తిపొడిచినట్టు ఉంటుందని. ఎంత అదృష్టవంతురాలినో అని అప్పుడు నేను మురిసిపోయాను. వాళ్ళిద్దరూ ఒక్కసారి జుట్టూ జుట్టూ పట్టుకుని ఉంటే ఎంత బాగుండేదో అని తర్వాత అనుకున్నాను.

పాప మొదట్లో అందరి పిల్లల్లాగే ఏడ్చేది. కొంచెం ఎక్కువే ఏడ్చేదేమో కూడా. సాయంత్రం అందుకుందంటే మా కింద ఫ్యాన్సీ షాపు ఆయన తలెత్తి మేడవైపు చూసేవాడు. ఎత్తుకుంటే ఊరుకునేది, దింపితే అందుకునేది. పాలు తాగుతూ తాగుతూ నిద్రపోయి, పక్కలో వేయగానే లేచేది. సెలవు అయిపోతే నేను పోయి కౌంటర్లో కూర్చోవాలి. ఈలోగా పిల్లకి పాల వేళలూ నిద్ర వేళలూ అలవాటు చేయాలని పట్టుపట్టాను. ఫోన్‌లో పాలకి ఒక మోత, నిద్రకి ఇంకో మోత పెట్టుకున్నాను. మోగగానే పాలిస్తాను, మళ్ళీ మోగగానే తెర వేసి ఉయ్యాలలో పడుకోబెడతాను. పిల్ల ఆ రెండు మోతల్నీ సమానంగా లెక్కచేయలేదు.

“కొత్త బిచ్చగాడు పొద్దెరగడని, నీ ఫోను మోగితే గుంటకి ఆకలేస్తాదేటమ్మా?” అని నవ్వేవారు అత్తగారు. మావైపు పెద్దవాళ్ళకి ఆడపిల్ల అంటే గుంటే.

మా అమ్మ ఇంకా సూటిగా అనేది. “ఒసే, నువ్వు ఫోను సూసి పెరిగేవేటే? ఏడిస్తే పాలు, నిద్దరొస్తే ఉయ్యాల. అంతకు మించి ఏటుంది?”

నీళ్ళు పోయడానికి రోజూ ఒక మామ్మ వచ్చేది. ఎండ డాబా మీదికి వచ్చే వేళకి వచ్చి, కాళ్ళు చాపుకుని కూర్చుని, పాపని కాళ్ళ మీద బోర్లా వేసుకుని నూనె పట్టించి మర్దనా చేసేది. వేడినీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి, గట్టిగా గుడ్డ చుట్టి నా చేతికిచ్చేది. ఒకరోజు అలా చుడుతూ అంది.

“గుంటకి నిద్దర సాలట్లేదమ్మా. సాన మీద జాజికాయ రెండు సుట్లు తిప్పి, నీ పాలసుక్కతో నాలిక్కి రాయి. మొద్దునిద్దరోతాది. ఈ వీధిలో నా సేతిమీద పెరిగిన పిల్లలందరికీ అదే పెట్టేను.”

మా ఇంట్లో గంధం తీసే చిన్న సాన ఉంది. జాజికాయా ఉంది, లడ్డూల్లోకి తెచ్చింది. అయినా ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప తేనెచుక్క కూడా వద్దని ఆస్పత్రిలో నాకు రెండుసార్లు చెప్పి పంపారు. అందుకని అక్కడే, ముగ్గురి ముందూ, గొంతు పెంచే చెప్పాను. పాలు తప్ప పిల్ల నోట్లోకి ఏదీ వెళ్ళడానికి వీల్లేదు, వెళ్తే ఊరుకోను అన్నాను.

“సరేనమ్మా, నీ పిల్ల, నీ ఇష్టం,” అంది మామ్మ.

“సదువుకున్నోళ్ళు సెప్పేక మనకెందుకండీ,” అన్నారు అత్తగారు. మా అమ్మ తలూపింది. ఆ రోజు నా మాట నెగ్గిందని సంతోషంగా అన్నం తిన్నాను. నా మాటని ముగ్గురూ విన్నారు, నా ఎదురుగా ఉన్నంతసేపూ.

ఆ వారంలోనే నిద్ర మొదలైంది.

మొదటిరోజు ఎంత హాయిగా ఉందో దాచను. తలంటుకున్నాను. వేడన్నం వేడిగా ఉండగానే తిన్నాను. పాప నా మోతకి లేవలేదు గానీ లేపితే లేచి, నాలుగు గుటకలు వేసి మళ్ళీ పడుకుంది. అలవాటు పడుతోంది అనుకున్నాను. రెండో రోజు, మూడో రోజు కూడా అంతే. తర్వాత ఆ నాలుగు గుటకలు రెండయ్యాయి. నిద్ర మోత మోగక ముందే నిద్రలో ఉంటోంది, పాల మోత మోగాక కూడా నిద్రలోనే ఉంటోంది. ఉయ్యాల ఊపే పని లేదు. జోల పాడే పని లేదు. ఇంట్లో మాటలు వాటంతటవే మెల్లగా అయిపోయాయి. గిన్నె జారితే ముగ్గురం ఉలిక్కిపడి ఉయ్యాల వైపు చూసేవాళ్ళం. ఉయ్యాల మాత్రం కదిలేది కాదు.

అవి గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలే రోజులు. మా కిటికీ కింద నుంచే ట్రాక్టర్లు పోయేవి, ఒకదాని వెనక ఒకటి, పాటలు పెట్టుకుని, హారన్లు కొట్టుకుంటూ. కిటికీ అద్దాలు గలగలలాడేవి. మొదట్లో ఆ హారన్‌కి పాప రెండు చేతులూ పైకెత్తి, వేళ్ళు విప్పి, కెవ్వుమనేది. ఇప్పుడు చేతులు లేవట్లేదు. ఒకరోజు కావాలనే ఉయ్యాలని కిటికీ పక్కకి లాగి చూశాను. ట్రాక్టరు పోయింది, లారీ పోయింది, ఇంకో ట్రాక్టరు పోయింది. కనురెప్ప కూడా అదరలేదు. నాకు భయమేసింది. ఎందుకో తెలియని భయం కాదు, పిల్ల కోసం భయం.

నా ఒంటికి అలారం అక్కర్లేదు. వేళకి రొమ్ములు రాయిలా గట్టిపడిపోయేవి. జాకెట్టు తడిసిపోయేది, చంకల దాకా సలపరం. తాగాల్సిన నోరు మాత్రం తెరుచుకోదు. బుగ్గ గిల్లి, చెవి నలిపి, తడిగుడ్డతో మొహం తుడిచి పట్టిస్తే రెండుసార్లు చప్పరించి వదిలేసేది. నొప్పి భరించలేక పాలు గిన్నెలోకి పిండుకునేదాన్ని. తల్లిపాలు తొక్కే చోట పారబోయకూడదు, మొక్క మొదట్లో పోయమని అమ్మ చెప్పింది. డాబా మీద కుండీలో కరివేపాకు మొక్క ఉంది. రోజూ దానికి పోసేదాన్ని. ఆ నెల మా కరివేపాకు మొక్క మా పాప కంటే ఎక్కువ పాలు తాగింది. కొత్త చిగుళ్ళు కూడా వేసింది.

ఇంకొకటి వాసన. పాప నోటి దగ్గర మొహం పెడితే పాలవాసనతో పాటు ఇంకేదో వచ్చేది. తియ్యగా, కొంచెం ఘాటుగా, పండగ రోజు వంటింట్లో వచ్చే వాసన. ఏదో గుర్తొచ్చినట్టే ఉండేది, పేరు మాత్రం అందేది కాదు. అమ్మనడిగాను.

“సాంబ్రాణి వాసనే. ఏటే నీ వాసనలు? గుంట కడుపునిండా పడుకుంటే నీకు నిద్దర పట్టట్లేదు,” అంది.

“కడుపు నిండిందని ఎవరు చెప్పారు? తాగట్లేదు కదా!”

“తాగకపోతే ఏడవదేటి?”

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడగని పిల్లకి పెట్టడమెలాగో ఆ అమ్మకీ తెలియలేదు. అత్తగారికి చెబితే ఆవిడ నా తల నిమిరారు. “గుంట ఏడిస్తే నువ్వేడుస్తావు, గుంట పడుకున్నా నువ్వే ఏడుస్తావు. బాలింతలకి అలగే ఉంటాదమ్మా. పడుకున్న పిల్లని లేపకు. ఒళ్ళు సేసేది ఆ నిద్దర్లోనే.”

ఒళ్ళు చేయలేదు. బారసాల నాడు అత్తగారు పాప చేతికి కట్టిన దిష్టిపూసలు మణికట్టుకి సరిగ్గా సరిపోయాయి. ఒకరోజు గుడ్డ మారుస్తుంటే అవి జారి మోచేతి దాకా వెళ్ళాయి. అత్తగారికి చూపించాను. ఆవిడ ఒక క్షణం చూసి, దారం వదులైందని ఇంకో ముడి వేశారు.

మా ఆయన తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్ళు అనుకునే రకం. సాయంత్రం వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఉయ్యాలలోకి తొంగి చూసి మురిసిపోయేవారు.

“మా ఆఫీసులో వాళ్ళంతా పిల్లలు నిద్రపోనివ్వట్లేదని మొత్తుకుంటారు. మనది బంగారం.”

“బంగారమైతే బీరువాలో పెట్టుకోండి. నాకు ఏడ్చే పిల్ల కావాలి,” అన్నాను. ఆయన బిత్తరపోయి అమ్మ వైపు చూశారు. అమ్మ అత్తగారి వైపు చూసింది. బాలింతకి తిక్క లేచిందని ముగ్గురూ ఒక మాట మీదకి వచ్చేశారు. శనివారం ఆస్పత్రికి వెళ్ళి చూపిద్దాంలే అని ఆయన నన్ను ఊరుకోబెట్టారు.

శనివారం దాకా ఆగలేదు.

ఆ రోజు కూడా మామ్మ నీళ్ళు పోసి వెళ్ళింది. అత్తగారు పాపని కాసేపు ఒళ్ళో పెట్టుకుని ఉయ్యాలలో వేశారు. అన్నాలు తిని లేచేసరికి నా రొమ్ములు పగిలిపోతున్నాయి. కింద రోడ్డు మీద ఒక చెరకు ట్రాక్టరు అడ్డంగా నిలిచిపోయినట్టుంది, వెనక వాళ్ళంతా ఆపకుండా హారన్ కొడుతున్నారు. పాపని ఒళ్ళోకి తీసుకుని పాలు పట్టాను. పెదవులు కదల్లేదు. పిండితే పాలు నోట్లో పడ్డాయి, పడినవి పడినట్టే పెదవి మూల నుంచి కారి మెడలోకి వెళ్ళిపోయాయి. చెయ్యెత్తి వదిలితే గుడ్డముక్కలా జారిపోయింది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, తెల్లగుడ్డు మాత్రమే కనబడుతోంది. అరికాలు మీద వేలితో కొట్టాను. ఇంకా గట్టిగా కొట్టాను. ఆ హారన్ల మధ్య నా కేక నాకే వినబడలేదు.

“లేపకమ్మా, ఇప్పుడే కదా పడుకుంది,” అంటూ వంటింట్లోంచి అత్తగారు వచ్చారు. వచ్చి, పాపని చూసి, గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

ఫ్యాన్సీ షాపు ఆయన ఆటో పిలిచాడు. అనకాపల్లిలో పిల్లల డాక్టరు దగ్గరికి బయలుదేరాం, నేనూ, ఒళ్ళో పాప, చెరో పక్కా ఇద్దరు పెద్దవాళ్ళు. మా ఆయనకి ఫోన్ చేసి అటే రమ్మన్నాను. ఊరు దాటేదాకా చెరకు ట్రాక్టర్లే. మా అత్తగారు ఆటోలోంచి సగం బయటికి వంగి అరుస్తూనే ఉన్నారు.

“ఒరే బాబూ, పక్కకి తియ్యండ్రా! పసిగుంటరా!”

దారి దొరికాక ఆవిడ లోపలికి వచ్చి కూర్చున్నారు. మా అమ్మ మామూలుగా ఆటో కుదిపితేనే నలుగురు దేవుళ్ళని పిలుస్తుంది. ఆ రోజు ఒక్క దేవుణ్ణీ పిలవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి చూస్తూ కూర్చుంది. నేను పాప ముక్కు దగ్గర వేలు పెట్టుకుని, ఊపిరి తగిలినప్పుడల్లా ఇంకోసారి తగలాలని ఎదురుచూస్తున్నాను. అంత భయం నా జన్మలో ఇంకెప్పుడూ పడలేదు.

డాక్టరుగారు మా అమ్మ కంటే కొంచెం చిన్నావిడ. పాపని బల్ల మీద పడుకోబెట్టి, గుండె విని, కళ్ళల్లో లైటు వేసి చూసి, నర్సుకి ఏవో చెప్పి, మా వైపు తిరిగారు.

“ఏమైనా పెట్టారా నోట్లో?”

“పాలు తప్ప ఏమీ లేదండీ,” అన్నాను నేను. ఎంత ధీమాగా అన్నానో.

ఆవిడ నన్ను కాదు, నా వెనక ఉన్న ఇద్దర్నీ చూస్తున్నారు. “పెద్దవాళ్ళు చెప్పండి. వస, గ్రైప్ వాటరు, నాటుమందు, ఏదైనా సరే. నేను తిట్టను. ఏం పెట్టారో తెలిస్తే దానికి తగ్గట్టు చూస్తాను. తెలియకపోతే మెదడుకి జ్వరం పాకిందేమో అని కూడా అనుమానించాలి. నడుము దగ్గర సూది పెట్టి నీళ్ళు తీసి చూడాలి.”

మా అమ్మ అత్తగారి పాదాల వైపు చూస్తోంది. అత్తగారు గోడ మీద వేలాడుతున్న పిల్లల బొమ్మని చూస్తున్నారు. ఒకరి ముందు ఒకరు చులకన కాకూడదన్న ఆ పాడు మర్యాద ఆ గదిలో కూడా వాళ్ళ నోళ్ళు కట్టేసింది. బల్ల మీద నా పిల్ల కాళ్ళు చాపి పడి ఉంది. నర్సు ట్రేలో ఏవో సర్దుతోంది.

అప్పుడు మా అమ్మ ముందుకొచ్చి, పాప మూతి మీద ఎండిన పాలచారని చేత్తో తుడిచింది. ఆ చెయ్యి నా మొహం ముందు నుంచి వెళ్ళింది. అదే వాసన. ఈసారి పేరు అందింది. లడ్డూ చుట్టేముందు అమ్మ దంచి వేసే పొడి వాసన. నేను ఆ చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గరికి లాక్కున్నాను. చూపుడువేలి గోరు పక్కన గోధుమరంగు మరక.

“ఏం పెట్టావే దీని నోట్లో?” అని అరిచాను. వియ్యపురాలి ముందు, డాక్టరు ముందు, కన్నతల్లిని. బయట కూర్చున్నవాళ్ళు తలుపు సందులోంచి చూశారు.

అమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. “జాజికాయేనే. సాన మీద రెండు సుట్లు. పొద్దున్నే, ఒక్కసారే. గుంట ఏడిసే రోజుల్లో ఒదినగారు రాత్రల్లా మోసి అలిసిపోయేరని… పగలైనా ఆవిడ నడుం వాలుస్తారని…” అంది. అని ఏడ్చింది.

డాక్టరుగారు పాప నోరు వాసన చూశారు. చూసి తలూపారు గానీ మొహం తేలికపడలేదు.

“పొద్దున్న రెండు చుట్లు పెడితే ఇప్పటిదాకా ఇంతలా ఉండకూడదమ్మా. ఇంకేదో ఉంది. నీళ్ళు తీసి చూద్దాం,” అని చేతులకి గ్లవుజులు అందుకున్నారు.

మా అత్తగారు నోరు మూసుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. తప్పంతా మా అమ్మ నెత్తిన పోయేది. నేను జీవితాంతం నా తల్లిని దెప్పుకుంటూ, అత్తగారి నీడన బతికేదాన్ని. ఆవిడ అలా ఊరుకోలేదు. అందుకే ఈ రోజుకీ ఆవిడ కాళ్ళకి దండం పెట్టాలనిపిస్తుంది, ఆ రోజు పీక పిసకాలనిపించినా.

“ఆగండి డాక్టరమ్మా,” అన్నారు. గోడ పట్టుకుని మెల్లగా స్టూలు మీద కూలబడ్డారు. “నేనూ పెట్టేను. మజ్జానం నీళ్ళోసేక. రోజూ పెడతన్నాను. పెద్దావిడ, నా ఇంటికొచ్చి కునుకు తియ్యకుండా సాకిరీ సేస్తంది, గుంట పడుకుంటే ఆవిడా పడుకుంటాదని. రెండు సుట్లే. అంతకి మించి నేనూ పెట్టలేదు.”

మా అమ్మ ఏడుపు ఆగిపోయింది. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు. ఇన్ని నెలల్లో వాళ్ళు నిజంగా ఒకర్నొకరు చూసుకోవడం అదే మొదటిసారి అనుకుంటాను.

నాకు అప్పుడు మామ్మ గుర్తొచ్చింది. ఫోన్ చేశాను. ఆవిడ ఏమీ దాచలేదు, దాచాలని కూడా తెలియదు.

“సంబ్రాణి వేసేటప్పుడు నా ఏలితో జాజికాయ రాస్తన్నానమ్మా. నా అలవాటది. నువ్వు వద్దన్నావు గానీ గుంట పడుకోకపోతే నాకు మాటొస్తాది కదా. రెండు సుట్లేనమ్మా. ఏటి, ఏటయింది?”

పొద్దున్న రెండు, నీళ్ళప్పుడు రెండు, తర్వాత రెండు. ఎవరి కొలత వాళ్ళది సరిగ్గానే ఉంది. ఎవరి ప్రేమా తప్పు కాదు. అన్నీ కలిసి పడ్డ నాలుక ఒక్కటే. దానికి మాటలు రావు.

డాక్టరుగారు గ్లవుజులు తీసి పక్కన పెట్టారు. సెలైన్ పెట్టించారు, ఊపిరి చూడ్డానికి వైర్లు తగిలించారు. మత్తు దిగేదాకా చూడాలి, పాలు లేక నీరసించింది కాబట్టి ఇప్పుడే ఏమీ చెప్పలేను అన్నారు. నాకు ఒక పని చెప్పారు. మధ్యమధ్యలో అరికాలు మీద వేలితో తట్టాలి. ఏడిస్తే తనని పిలవాలి.

ఆ రాత్రి గురించి రాయను.

తెల్లారి, కిటికీలోంచి ఎండ మంచం కాలి దాకా వచ్చాక, ఎన్నోసారో అరికాలు తట్టాను. పాప కాలు వెనక్కి లాక్కుంది. మొహం ముడుచుకుంది. నోరు తెరిచింది, ముందు శబ్దం రాలేదు. తర్వాత వచ్చింది, పిల్లికూన కూతంత, బొంగురుగా. అది విని నా రొమ్ముల్లోంచి పాలు వాటంతటవే పొంగి చీరంతా తడిసిపోయింది. డాక్టర్ని పిలవడం కూడా మరిచిపోయి, గోడకి ఆనుకుని పెద్దగా ఏడ్చాను. పాప ఇంకా పెద్దగా ఏడ్చింది. మా ఆయన పరుగున వచ్చి, ఎవర్ని ఊరుకోబెట్టాలో తెలియక ఇద్దరి మధ్యా నిలబడిపోయారు.

ఒళ్ళోకి తీసుకుని పాలు పట్టాను. పాప చప్పరించి, గుటక వేసి, మళ్ళీ చప్పరించింది. ఆ గుటకలు వింటూ కూర్చుంటే బయట వరండాలోంచి ఇంకో రభస వినబడింది.

“మీరు సెప్పొచ్చు కదండీ, పెడతన్నానని!”

“మీరు అడిగేరేటి? నోరుందా లేదా మీకు?”

“నా కూతురింట్లో నేను మిమ్మల్ని అడగాలా?”

“మరి ఇల్లు నాది కాదేటి?”

నర్సు వెళ్ళి ఇద్దర్నీ గట్టిగా కేకలేసింది. ఒక్క నిమిషం ఆగి మళ్ళీ మొదలుపెట్టారు. రెండు కొప్పులూ చివరికి కలబడ్డాయి. నాకు అంత చల్లటి మాటలు ఆ చలికాలంలో ఇంకెక్కడా వినబడలేదు. పాపకి పాలిస్తూ ఆ తగువు మొత్తం విన్నాను.

ఇంటికొచ్చాక ఒక కట్టుబాటు పెట్టాను. పిల్ల నోట్లో ఎవరు ఏం పెట్టినా ముందు ఇల్లంతా వినబడేలా గట్టిగా చెప్పాలి. మర్యాదలు మానేయాలి. మా అమ్మ ఊరికి వెళ్ళేదాకా అలాగే చెప్పింది. అత్తగారు ఇప్పటికీ చెబుతారు. “గుంటకి అరటిపండు పెడతన్నానోయ్” అని ఆవిడ కేకేస్తే కింద షాపు దాకా వినబడుతుంది. మామ్మని మళ్ళీ పిలవలేదు. సానని అత్తగారే అటక మీదకి ఎక్కించేశారు. మా ఇంట్లో లడ్డూలు ఇప్పుడు యాలకులతోనే.

పాపకిప్పుడు బడికి వెళ్ళే వయసొచ్చింది. గొంతు పెద్దది. వీధి చివరిదాకా వినబడుతుంది. ఆ గొంతు విని ఎవరైనా విసుక్కుంటే నేను తగువుకి వెళ్తాను. బడి నుంచి వచ్చి మధ్యాహ్నం పడుకుంటే మాత్రం నాకు కాలు నిలవదు. ఒకసారి చూసి వస్తాను. మళ్ళీ వెళ్తాను. ముక్కు దగ్గర వేలు పెడతాను. తర్వాత, వద్దు వద్దు అనుకుంటూనే, అరికాలి మీద తడతాను. అది కాలు లాక్కుని, ‘అమ్మా!’ అని విసుక్కుని అటు తిరిగి పడుకుంటుంది. అది నిద్రలో జరిగేదే కాబట్టి దానికి తెలియదులే అనుకునేదాన్ని.

మొన్న ఆదివారం గుమ్మంలో కూర్చుని బొమ్మతో ఆడుకుంటోంది. పడుకోబెడితే కళ్ళు మూసుకునే బొమ్మ. దాన్ని ఒళ్ళో వేసుకుని ఊపింది, జో కొట్టింది, చెమ్చాతో ఉత్తుత్తి పాలు పట్టింది. పట్టే ముందు, “పాలు పడతన్నానోయ్!” అని ఇల్లంతా వినబడేలా అరిచింది. లోపల్నుంచి అత్తగారు, “సరేనోయ్!” అన్నారు. తర్వాత బొమ్మని పడుకోబెట్టింది. బొమ్మ కళ్ళు మూసుకుంది. కాసేపు చూసింది. వంగి, దాని ముక్కు దగ్గర వేలు పెట్టింది. అప్పుడు ఆ చిన్న ప్లాస్టిక్ పాదాన్ని పట్టుకుని, అరికాలి మీద వేలితో తట్టి, చెవి ఆనించి విన్నది. మళ్ళీ తట్టింది.

నేను గుమ్మం ఇవతలే నిలబడిపోయాను. నన్ను చూసి తలెత్తింది. మొహమంతా నవ్వు.

“భయపడకమ్మా,” అంది. “ఏడుస్తోంది.”